చెవిటి నేల

రోడ్డు తవ్వుతున్నన్నాళ్ళూ మా బడిలో పాఠాలు సరిగ్గా సాగలేదు. చప్పుడు వల్ల కాదు. మా పిల్లలెవరికీ చెవులు వినపడవు.

అదురు వల్ల. విశాఖపట్నం అల్లిపురంలో ఒక పాత మేడలో ఉంది మా బడి. గదుల్లో నేలంతా చెక్క పలకలు. పిల్లల్ని పిలవాలంటే టీచరు కాలితో పలకని గట్టిగా కొడుతుంది. ఆ అదురు పాదాల్లోంచి ఎక్కుతుంది, తలలు ఇటు తిరుగుతాయి. అందుకే తరగతిలో ఎవరమూ చెప్పులు వేసుకోం. లైట్ రైలు పట్టాల కోసం వీధిలో తారు పగలగొట్టే యంత్రం దిగిన రోజున పిల్లలు బెంచీలు వదిలేసి నేల మీద బోర్లా పడుకున్నారు. చెంపలు పలకలకి ఆనించి, కళ్ళు మూసుకుని నవ్వుకుంటున్నారు.

ఆయా పోలమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేటి టీచరమ్మా! బడికొచ్చి అందరూ తొంగున్నారు?"

"సంగీతం వింటున్నారు పోలమ్మా."

"బాగుంది సంబడం. మనకేమో సెవులు పగిలిపోతన్నాయి, ఆళ్ళకి సంగీతమా!"

వాళ్ళలో మా అమ్మాయి హరిణి కూడా ఉంది. నా తరగతిలోనే చదివేది. ఇంట్లోనూ నేనే, బడిలోనూ నేనే, తనకి సెలవన్నదే లేదని చేతులతో ఊరందరికీ ఫిర్యాదు చేసేది. కిటికీ వైపు చూడకుండానే బయట ఏ యంత్రం కదులుతోందో చెప్పేది. రోలరు అయితే మడమల్లో తెలుస్తుందట. టిప్పరు అయితే పిక్కల్లోకి వస్తుందట.

మా బడిలో ప్రతి మనిషికీ ఒక సైగ పేరు ఉంటుంది. పిల్లలే పెడతారు. ఒకసారి పెట్టాక ఇక మార్చరు. నా పేరు సత్యవేణి అని వాళ్ళకి అనవసరం. చేతికంటిన సుద్దని కొంగుకి తుడుచుకున్నట్టు చేస్తే అది నేను. హరిణికి ముందు పన్ను కొంచెం విరిగి ఉండేది. పన్ను మీద చూపుడు వేలు ఆనిస్తే హరిణి.

ఇంటి దగ్గర మిమ్మల్ని ఎలా పిలుస్తారో చేసి చూపించమని ఆ రోజుల్లోనే ఒకసారి అడిగాను. ఒకడు లైటు స్విచ్చి వేసి తీసినట్టు చూపించాడు. ఎస్తేరు అనే చిన్నది, వాళ్ళ నాయనమ్మ చెప్పు ఎలా విసురుతుందో, అది తగలకుండా తను ఎలా వంగుతుందో రెండూ చూపించింది. హరిణి లేచి, పెన్సిలు తీసి చెవి వెనక పెట్టుకుంది. పొట్ట ముందుకి తోసి ఎడమ కాలితో నేలని రెండుసార్లు కొట్టింది. ఒకటి బరువుగా, వెంటనే ఇంకొకటి తేలిగ్గా. అది వాళ్ళ నాన్న. గుమ్మంలో అడుగు పెడుతూనే ఆయన అలా పిలుస్తారు. తను ఇంట్లో ఏ మూల ఉన్నా పరిగెత్తుకొస్తుంది. తరగతి పడీపడీ నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ గదిలో అందరూ పొట్టలు ముందుకి పెట్టుకునే నడిచారు.

మా వారి పేరు నూకరాజు. పదార్థాల మీద పరిశోధన ఆయన పని. మా వీధిలో రైలు పడటానికి కారణం కూడా ఒక రకంగా ఆయనే. వీధి ఇరుకు. మలుపులో గుండె ఆసుపత్రి, దాని తర్వాత సున్నపు గోడల పాత ఇళ్ళు. రైలొస్తే గోడలు బీటలు వారతాయని జనం వీధి మొదట్లో టెంటు వేసుకుని కూర్చున్నారు. ఆపరేషను గదిలో బల్ల వణికితే ఊరుకునేది లేదని డాక్టర్లు అన్నారు. పట్టాల కింద పరిచే ఒక పొరని మా వారి ల్యాబు తయారు చేయకపోతే ఆ పని అక్కడే ఆగిపోయేది.

ఆ పొర ముక్క ఒకటి, పీటంత ఉంటుంది, ఆయన ఒక ఆదివారం ఇంటికి తెచ్చారు. హాల్లో పెట్టి దాని మీద ఒక గ్లాసుతో నీళ్ళు ఉంచారు. పక్కన గచ్చు మీద ఇంకో గ్లాసు. నేను వద్దంటున్నా వినకుండా పచ్చడిబండ ఎత్తి రెంటికీ మధ్య పడేశారు. గచ్చు మీది గ్లాసులో నీళ్ళు చెదిరాయి. పొర మీది నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

"లోపలున్న రేణువులు అదురుని పట్టుకుంటాయి వేణీ. పట్టుకుని, సరిగ్గా దానికి ఎదురు అదురుని పుట్టిస్తాయి. రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఎంత కొత్త అదురైనా సరే, క్షణంలో నేర్చుకుంటుంది."

"అది నేర్చుకుంది సరే. గచ్చు పగిలింది, చూసుకోండి."

ఆయన చూసుకోలేదు. హరిణిని పిలిచి ఆ ముక్క మీద వీపు తిప్పి నిలబడమన్నారు. వెనక్కి వెళ్ళి ఎడమ కాలితో నేలని కొట్టారు. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. హరిణి తిరగలేదు. మళ్ళీ కొట్టారు. తిరగలేదు. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి, ముందుకొచ్చి పిల్లని ఎత్తుకున్నారు.

హరిణి కిందికి దిగి, ముక్క మీదికి ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. పాదాలవైపు చూసుకుంది. అప్పుడు చేతులతో అంది: "నేలకి చెవుడొచ్చింది. నాకంటే ఎక్కువ."

నవ్వాం. మర్నాడు ఆయన ల్యాబులో చెప్తే అక్కడా నవ్వారట. ఆ పొరకి పెట్టిన పొడుగాటి పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. వారం తిరిగేసరికి అందరూ 'చెవిటి నేల' అనే పిలిచారు. పేపర్లో కూడా అలాగే వచ్చింది. హరిణి ఆ ముక్క అంచు కొంచెం కత్తిరించుకుని పెన్సిళ్ళ డబ్బాలో పెట్టుకుంది.

మా బడి ముందు చెవిటి నేల పరిచాక, దాని మీద పట్టాలు దింపి, రోడ్డుతో సమంగా చదును చేశారు. ఆ వారం పిల్లలు దిగులుగా ఉన్నారు. రోడ్డు పని అయిపోయిందనుకున్నారు. లేదు, కిటికీలోంచి చూస్తే రోలరు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఆ రోజు గురించి కొద్దిగా చెప్పి ఊరుకుంటాను.

రోడ్డు దాటడం మా బడిలో ఒక పాఠం. అంచున ఆగాలి. చెప్పులు విడిచి చేత్తో పట్టుకోవాలి. రెండు వైపులా చూడాలి. పాదాల కింద ఏమీ లేదని తెలిశాక దాటాలి. మలుపు అవతల ఉన్న బండి కంటికి కనపడదు, పాదాలకి తెలుస్తుంది. హరిణి బడి వదిలాక ఎదుటి వైపు పుల్ల ఐసు బండి దగ్గరికి బయల్దేరింది. అంచున ఆగింది. చెప్పులు చేత్తో పట్టుకుంది. రెండు వైపులా చూసింది. పాదాల కింద ఏమీ లేదు. దాటింది. రైలు ఇంకా మొదలు కాలేదు. ఖాళీ బండితో పరీక్ష చేస్తున్నారు. అది ఆసుపత్రి గోడ మలుపు తిరిగి, బెల్లు కొట్టుకుంటూ వచ్చింది.

నేను పైనుంచి చూశాను. తను తప్పుగా దాటలేదు. నేర్పినట్టే దాటింది.

బెల్లు కొట్టారనీ, విజిలు కూడా వేశారనీ, బాలిక వినిపించుకోలేదనీ తర్వాత విచారణలో చెప్పారు. డ్రైవరు మా ఇంటికొచ్చి గుమ్మం బయటే కూర్చుని ఏడ్చి వెళ్ళాడు. అతని మీద నాకు కోపం రాలేదు. దేని మీదా రాలేదు. కోపానికి కొంచెం బలం కావాలి.

మా వారు ఇంట్లోకి రావడం నాకు తెలియడం మానేసింది. గుమ్మంలో కాలితో కొట్టడం ఆయన మానేశారు. వంటింట్లో ఉండి వెనక్కి తిరిగితే అక్కడ నిలబడి ఉండేవారు. నేను ఉలిక్కిపడేదాన్ని. "నేనే," అనేవారు. అంతకంటే మాటలుండేవి కావు. అన్నాలు తినేవాళ్ళం. నేను బడికి వెళ్ళేదాన్ని. ఇంట్లో ఉంటే మాత్రం ఏం చేస్తాను?

తరగతిలో పిల్లలు పెన్సిలు ఎవరిదని అడగాల్సి వచ్చినా, ఆ చోటు ఎవరిదని అడగాల్సి వచ్చినా, పన్ను మీద వేలు పెట్టేవారు కాదు. నా ముఖం చూసి చేతులు దించేసేవారు.

రైలు మొదలయ్యే తేదీ ప్రకటించాక ప్రాజెక్టు డైరెక్టరు విక్టర్ బాబు గారు ఇంటికొచ్చారు. నెమ్మదైన మనిషి. ఆ మాటా ఈ మాటా కలపకుండా, మంచినీళ్ళు తాగి, సూటిగా చెప్పారు.

"సత్యవేణి మేడమ్, మీ బడికి మధురవాడ అవతల స్థలం చూశాం. కొత్త భవనం కట్టిస్తాం. పాప పేరే పెడదాం. ఈ రోడ్డు పక్కన పిల్లలుండటం ఇక మంచిది కాదు."

"రైలు మధురవాడ రాదాండీ?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "వస్తుంది. రెండో దశలో."

ఆయన వెళ్ళాక, బడి మారిస్తే సరిపోదని మా వారితో అన్నాను. చాలా రోజుల తర్వాత అంత పొడుగ్గా మాట్లాడుకోవడం అదే.

"కంచె కడతాం వేణీ. గేటు దగ్గర మనిషిని పెడతాం."

"బడి ముందు కడతారు. పిల్లలు బడిలోనే ఉండిపోరు కదండీ. పూర్ణా మార్కెట్టుకి వెళ్తారు. బీచికి వెళ్తారు. రేపు పెద్దయి ఉద్యోగాలకి వెళ్తారు. ఊరంతా కంచె కడతారా?"

"నన్నేం చెయ్యమంటావు?"

"ఒకసారి తరగతికి వచ్చి చూడమంటున్నాను. మీరూ, ఆయనా."

ఆయన తల దించుకున్నారు. చూపు హాల్లో పగిలిన గచ్చు మీద ఉంది.

"నేను చూశాను. అందరికంటే ముందు నేనే చూశాను. పిలిచాను. తిరగలేదు. చప్పట్లు కొట్టాను."

నేను విక్టర్ బాబు గారు వదిలిన గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

అయినా వచ్చారు. విక్టర్ బాబు గారు ఇద్దరు ఇంజనీర్లని కూడా తీసుకొచ్చారు. వాళ్ళని కిటికీ దగ్గర నిలబెట్టి, పిల్లల్ని నల్లబల్ల వైపు తిరిగి కూర్చోమన్నాను. బయట ఏ బండి వెళ్ళినట్టు తెలిసినా చెయ్యెత్తమన్నాను.

పరీక్ష బండి మలుపు తిరిగి వచ్చింది. బెల్లు కొడుతూనే ఉంది. కిటికీ అద్దాల్లో దాని నీడ ఈ చివరి నుంచి ఆ చివరికి సాగింది. ఒక్క చెయ్యీ లేవలేదు. పిల్లలు బల్లనే చూస్తూ, పరీక్షలో ప్రశ్న కోసం చూసినట్టు, ఓపిగ్గా కూర్చున్నారు. బండి వెళ్ళిపోయాక ఎస్తేరు నావైపు తిరిగి అడిగింది: "ఎప్పుడు మొదలుపెడతారు?"

నేను బల్ల వైపు తిరగమన్నాను.

కొంతసేపటికి చేతులన్నీ ఒక్కసారి లేచాయి. విక్టర్ బాబు గారు కంగారుగా కిటికీలోంచి చూశారు. రోడ్డు ఖాళీగా ఉంది.

"ఏమీ లేదే?"

"నిండుగా ఉంది," అని ఎస్తేరు చేతులతో చెప్పింది. నేను ఆయనకి ఆ మాట చెప్పాను. అప్పుడు బడి వెనక సందులోంచి హారను వినిపించింది.

"నీళ్ళ ట్యాంకరండీ బాబూ," అంది పోలమ్మ గుమ్మంలోంచి. "మీరు సూసుకోండి, నాను బిందెలెట్టుకోవాల," అని వెళ్ళిపోయింది.

పిల్లల్ని ఆటకి పంపించాక ఆ చిన్న బెంచీల్లోనే కూర్చున్నాం. పెద్దవాళ్ళ మోకాళ్ళు వాటిలో పట్టవు. విక్టర్ బాబు గారు చాలాసేపు ముఖం తుడుచుకున్నారు.

"సున్నా అదురు అని చెప్పి ఈ వీధి వాళ్ళని టెంటులోంచి లేపాను. డాక్టర్లకి రాసిచ్చాను. ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పను? ఆ పొర తవ్వి తీసేస్తామని చెప్పనా?"

"తియ్యక్కర్లేదు," అన్నారు మా వారు. "అది నేర్చుకుంటుంది కదా. ఒక్క అదురుని మాత్రం తినకుండా వదిలెయ్యమని నేర్పొచ్చు. బండి రాకముందు పట్టాల్లోంచి ఆ ఒక్కటీ పంపుతాం. రోడ్డు అంచు దాకా వచ్చి ఆగిపోయేంత చిన్నది. గోడకి తెలియదు. డాక్టరు చేతికి తెలియదు. వట్టి పాదానికి తెలుస్తుంది."

"అయితే అది సున్నా కాదు కదా రాజుగారూ."

"కాదు."

"రెండు నగరాల వాళ్ళు ఈ పొర సున్నా అనే కొంటామంటున్నారు."

"సున్నా అన్నది నేనే. కాదని కూడా నేనే చెప్తాను. డాక్టర్లకీ చెప్తాను, ఆ ఇళ్ళ వాళ్ళకీ చెప్తాను."

ఇంజనీర్లలో ఒకాయన, చిన్నవాడు, అడిగాడు: "సార్, ఏ అదురు పంపుతాం? వీధిలో ఇంకే బండీ చెయ్యనిది అయ్యుండాలి. లేకపోతే పిల్లలు ఆటో అనుకుంటారు."

"చూస్తాను," అన్నారాయన. "ఏదో ఒకటి చూస్తాను."

చెప్పినట్టే ఆయన చెప్పారు. ఆసుపత్రిలో మర్యాదగా విన్నారు. కొలతలు వాళ్ళే తీసుకుని ఒప్పుకున్నారు. వీధిలో మర్యాదగా వినలేదు. "మొన్న రాదన్నారు, ఇవాళ కొంచెం వస్తుందంటున్నారు, రేపు మా పెంకులు రాలితే మీరొచ్చి కప్పుతారా?" అని ఒక పెద్దాయన కేకలేశాడు. మా వారు ఆ ఇంటి గోడ పక్కనే పొర ముక్క వేయించి, దానిలోంచి ఆ చిన్న అదురు పంపుతూ, ఆ పెద్దాయన్నే చెప్పులు విప్పి నిలబడమన్నారు. ఆయన గోడ మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత కళ్ళు తెరిచి, "ఇంతేనా?" అన్నాడు. చెప్పులు తొడుక్కుంటూ, "ఆ పాప మీ అమ్మాయా?" అన్నాడు. తర్వాత ఎవరూ అడ్డు చెప్పలేదట.

రైలు మొదలయ్యే తేదీ వెనక్కి పోయింది. కొంటామన్న నగరాలు ఆలోచించుకుని చెప్తామన్నాయి. ల్యాబులో మా వారి గది ఇంకొకరికి ఇచ్చారు. ఆయన ఆ సంగతి భోజనం దగ్గర చెప్పి, చారు అడిగారు. నేను చారు పోశాను. కష్టపడుతున్నారని తెలుసు. ఏ అదురు ఎంచుకున్నారో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇంట్లోకి ఇంకా చప్పుడు లేకుండానే వస్తున్నారు.

పరీక్ష రోజు ఎండ బాగా ఉంది. రోడ్డు కాలకుండా నీళ్ళు చల్లించారు. పిల్లల్ని బడి గేటు ముందు, రోడ్డు అంచున వరసగా నిలబెట్టాం. పట్టాల వైపు వీపులు. మధ్యలో తాడు కట్టాం. అందరివీ వట్టికాళ్ళు. నాకు మాత్రం చెప్పులున్నాయి. ఆ రోడ్డు మీద వట్టికాళ్ళతో నిలబడటం నాకు ఇంకా చేతకాలేదు. మా వారు ఆసుపత్రి మలుపు అవతల, బండి దగ్గర ఉన్నారు. ఇటునుంచి కనపడరు.

ఫోను చేశారు. "పంపుతున్నాను."

నేను పిల్లల ముఖాలు చూస్తూ నిలబడ్డాను. పోలమ్మ నా పక్కన నిలబడి, పైకి వినపడకుండా ఏ అమ్మవారికో ఏదో చెప్పుకుంటోంది. రోడ్డు మీద ఏమీ లేదు. నా చెవికి ఏమీ లేదు.

ముందు ఒక చిన్నవాడి భుజం కదిలింది. తర్వాత వరసంతా, ఎవరో వీపు తట్టినట్టు, ఒక్కసారి వెనక్కి తిరిగారు. చేతులెత్తాలని చెప్పింది మర్చిపోయారు. బండి ఎటునుంచి వస్తుందో ఆ వైపు కూడా చూడలేదు. పిలిచిన మనిషి కోసం చూసినట్టు చూశారు. గేటు వైపు, ఐసు బండి వైపు, నా వెనక్కి.

ఎస్తేరు నా ముఖంలోకి చూసింది. కొంచెం తటపటాయించింది. చూపుడు వేలు మెల్లగా పైకెత్తి ముందు పన్ను మీద ఆనించింది.

ఆ సైగ చూసి చాలా రోజులైంది. నేను చూపు తిప్పుకోలేదు.

నేను కోప్పడనని తెలిశాక, ఎస్తేరు చెవి వెనక వేలు పెట్టుకుంది. పొట్ట ముందుకి తోసింది. ఎడమ కాలితో తడి రోడ్డు మీద కొట్టింది. ఒకటి బరువుగా, వెంటనే ఇంకొకటి తేలిగ్గా. పక్కనున్న పిల్ల కొట్టింది. ఆ పక్కవాడు కొట్టాడు.

"ఏటమ్మా ఆళ్ళు సేస్తన్నది?" అంది పోలమ్మ.

ఫోను ఇంకా నా చెవి దగ్గరే ఉంది.

"వేణీ, తెలిసిందా?"

"తెలిసింది."

"అందరికీనా?"

"అందరికీ."

"ఏమంటున్నారు?"

ఆసుపత్రి గోడ పక్క నుంచి బండి ముందు భాగం కనిపించింది. మెల్లగా, చప్పుడు లేకుండా వస్తోంది.

"హరిణి వాళ్ళ నాన్న పిలుస్తున్నారంటున్నారు."

బండి మా ముందు నుంచి వెళ్ళింది. పిల్లలు తాడుకి ఇవతలే నిలబడ్డారు. వాళ్ళు బండిని చూడటం లేదు. ఆయన ఎక్కడున్నారో అని ఇంకా అటూ ఇటూ వెతుకుతున్నారు.